ఓడల దారి వెడల్పు చేయాలంటే ముందు మట్టికి చోటు చూడాలి

ప్రశ్న అడిగినవారు హ్యూస్టన్‌లో ఉంటున్నారు. గాల్వెస్టన్ బే (అఖాతం) ఒడ్డున నిలబడితే దూరంగా ఓడలు వరుసగా పోతూ కనిపిస్తాయి, చుట్టూ కనుచూపు మేర నీళ్ళే. అన్ని నీళ్ళుండగా హ్యూస్టన్ ఓడల దారిని 530 అడుగుల నుంచి 700 అడుగులకు పెంచడానికి ఏళ్ళ తరబడి ప్రణాళికలు, వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చు ఎందుకు? నీటి అడుగు తవ్వే డ్రెడ్జర్ తెచ్చి తవ్వేస్తే సరిపోదా? మన విశాఖలోనూ ఇంత తతంగం ఉంటుందా? ఇవీ వారి సందేహాలు. ఇంజినీరింగ్ చదువుతున్న వాళ్ళబ్బాయి ఇదే అంశం మీద ప్రాజెక్టు రాస్తున్నాడట. కాబట్టి కొంచెం విపులంగానే చెబుతాను.

నేను మొదట మన తూర్పు తీరంలో లోతులు కొలిచే పడవల మీద, ఆ తరువాత బయటి దేశాల్లో తవ్వకాల ప్రణాళికల్లో కలిపి ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. ఆ అనుభవంతో ముక్కుసూటిగా చెప్పాలంటే, తవ్వడం ఈ పనిలో తేలికైన భాగం. తవ్విన మట్టి ఎక్కడ పోయాలన్నదే అసలు ప్రణాళిక. వెడల్పు ఎంత, లోతు ఎంత అన్నవి చివరికి ఆ ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగుతాయి. ఎందుకో చెప్పాలంటే ముందు ఓడ దగ్గరి నుంచి మొదలుపెట్టాలి.

గాల్వెస్టన్ బే నీళ్ళు చూసి మోసపోవద్దు. ఆ బే సగటు లోతు రెండు, మూడు మీటర్లకు మించదు. చాలా చోట్ల ఇద్దరు మనుషులు ఒకరి భుజాల మీద ఒకరు నిలబడితే పైవాడి తల బయటే ఉంటుంది. మీకు దూరంగా కనిపించే ఓడలు ఆ బేలో పోవడం లేదు, బే అడుగున తవ్విన ఒక కందకంలో పోతున్నాయి. సముద్రం నుంచి హ్యూస్టన్ లోపల ఓడలు వెనక్కి తిరిగే మలుపు రేవు వరకు ఆ కందకం పొడవు సుమారు 52 మైళ్ళు. 1900లో వచ్చిన తుఫానుకు గాల్వెస్టన్ పట్టణంలో వేలాది మంది చనిపోయాక, రేవు లోపలికి ఉండాలన్న వాదనకు బలం వచ్చింది. మరుసటి ఏడాదే టెక్సస్‌లోని స్పిండిల్‌టాప్‌లో చమురు పడింది. ఖర్చులో సగం మేమే పెట్టుకుంటామని హ్యూస్టన్ వాళ్ళు కేంద్ర ప్రభుత్వాన్ని ఒప్పించి, 1914 నవంబరు 10న 25 అడుగుల లోతుతో దారి తెరిచారు. అధ్యక్షుడు విల్సన్ వాషింగ్టన్‌లో మీట నొక్కితే ఇక్కడ ఫిరంగి పేలిందని చెబుతారు. 2022లో మొదలైన విస్తరణను ‘ప్రాజెక్ట్ 11’ అంటున్నారంటే, అంతకు ముందు పది సార్లు ఇలాగే పెద్ద ఎత్తున తవ్వారన్న మాట.

ఈ పదకొండో విడత ఎందుకు వచ్చిందో చూడండి. 2016లో పనామా కాలువలో ఓడలను ఎక్కించి దించే కొత్త లాకులు తెరుచుకున్నాయి. అంతవరకు 32 మీటర్ల వెడల్పు దాటిన ఓడకు అక్కడ దారి లేదు. ఆ తరువాత 366 మీటర్ల పొడవు, 49 మీటర్ల వెడల్పు వరకు ఉన్న కంటైనర్ ఓడలు ఆసియా నుంచి నేరుగా మెక్సికో సింధుశాఖలోకి రావడానికి దారి దొరికింది. హ్యూస్టన్‌లో కంటైనర్ టెర్మినళ్ళు బే అంచున బేపోర్ట్, బార్బర్స్ కట్ దగ్గర ఉన్నాయి. వాటికి ఎగువన చమురు శుద్ధి కర్మాగారాలు, రసాయన కర్మాగారాలు. ఏడాదికి ఎనిమిది వేలకు పైగా పెద్ద ఓడలు, సుమారు రెండు లక్షల బార్జీ (చదునైన సరుకు పడవ) ప్రయాణాలు ఈ ఒక్క దారిలోనే. పెద్ద కంటైనర్ ఓడ లోపలికి వస్తుంటే ఎదురుగా మరో పెద్ద ఓడను రానివ్వడం ప్రమాదం. అంటే అది దాటేవరకు దారి ఒకవైపు రాకపోకలకే. ఒక కంటైనర్ ఓడ కోసం మా ట్యాంకర్లు గంటల తరబడి ఎందుకు ఆగాలి అని చమురు కంపెనీలు గొడవపడ్డాయి. ఆ గొడవ 2019లో టెక్సస్ శాసనసభ దాకా వెళ్ళింది. రెండు వైపులా రాకపోకలు నిలిచిపోకుండా అతి పెద్ద ఓడల రాకను పరిమితం చేస్తూ చట్టం చేశారు.

మీ అబ్బాయి ఇక్కడ ఒక విషయం గమనించాలి. పెద్ద ఓడ పట్టడానికని మాత్రమే ఈ దారి వెడల్పు పెంచాలనుకోలేదు. పెద్ద ఓడ ఇప్పటికే పడుతోంది. అది వచ్చినప్పుడు మిగతావాళ్ళు ఆగకుండా ఉండడానికే ముఖ్యంగా ఈ వెడల్పు. అందుకే బే భాగంలో లోతు ముట్టుకోలేదు, 46.5 అడుగులే ఉంచారు. ఎగువన బాగీ బయూ (బయూ అంటే అక్కడి మందపు వాగు) దాటిన ముక్కల్లోనే లోతు పెంచాలని నిర్ణయించారు, ఒకచోట 41.5 నుంచి 46.5 అడుగులకు, ఇంకా పైన 37.5 నుంచి 41.5 అడుగులకు. ఏ అవసరానికి ఏ కొలత అని విడదీయకుండా ‘విస్తరణ’ అని ఒకే మూటగా కట్టేస్తే ప్రాజెక్టు రిపోర్టు మొదటి పేజీలోనే దారి తప్పుతుంది.

ఇక వెడల్పు లెక్క. 530 అడుగులంటే 161 మీటర్లు. ఎదురెదురుగా వచ్చే రెండు ట్యాంకర్లు చెరి 44 మీటర్ల వెడల్పు అనుకోండి. రెండూ కలిపి 88. మిగిలింది 73 మీటర్లు. దాన్ని మూడు భాగాలు చేయాలి: ఈ ఓడకూ ఈ గట్టుకూ మధ్య ఒకటి, ఆ ఓడకూ ఆ గట్టుకూ మధ్య ఒకటి, రెండు ఓడల నడుమ ఒకటి. తలా 24 మీటర్లు. అంటే లక్ష టన్నుల ఓడకు పక్కన దాని సగం వెడల్పు ఖాళీ. అంతర్జాతీయంగా అందరూ అనుసరించే పియాంక్ (జలరవాణా నిపుణుల అంతర్జాతీయ సంఘం) మార్గదర్శకాలు 2014లో వచ్చాయి. వాటి ప్రకారం ఓడ తన దారిలో అటూ ఇటూ ఊగడానికే దాని వెడల్పుకు 1.3 నుంచి 1.8 రెట్లు కావాలి. దాని మీద గాలికి, ప్రవాహానికి, గట్టుకు, ఎదురు ఓడకు అన్నీ విడివిడిగా కలుపుతూ పోవాలి. ఆ లెక్కన 700 అడుగులు కూడా చాలవు. 49 మీటర్ల ఓడలు రెండు ఎదురుపడితే 213 మీటర్లలో 98 పోను 115, తలా 38 మీటర్లే.

మరి ఇన్నాళ్ళూ ఎలా నడిచింది? ఓడలను రేవులోకి నడిపించే స్థానిక పైలట్ల నేర్పు వల్ల నడిచింది. ఎవరి పక్కన వారు గట్టును రాసుకుంటూ వస్తే ఓడ వెనుక భాగాన్ని గట్టు లాగేస్తుంది, ముందు భాగాన్ని అవతలికి నెట్టేస్తుంది. అందుకని ఇద్దరూ కందకం నడిమధ్యన ఎదురెదురుగా, నేరుగా ఒకరి మీదికి ఒకరు వస్తారు. ఇంకా అర మైలు దూరం ఉందనగా ఇద్దరూ కొద్దిగా కుడికి తిప్పుతారు. ఓడ ముందు నీరు ఉబ్బి ఉంటుంది కదా, ఆ రెండు ఉబ్బులూ ఒకదాన్నొకటి నెట్టి రెండు ముక్కుల్నీ విడదీస్తాయి. అంతలో కుడివైపు గట్టు దగ్గర నీరు నొక్కుకుని ముక్కును తిరిగి మధ్యకు తోస్తుంది. ఓడలు పక్కపక్కకు వచ్చేసరికి నడుమ నీరు వేగంగా జారి రెంటినీ దగ్గరకు లాగుతుంది. ఆ లాగుడును వాడుకునే వెనుక భాగాలు తప్పించుకుని ఇద్దరూ మళ్ళీ మధ్యలోకి వచ్చేస్తారు. చుక్కాని వాడేది కొంచెమే, పని చేసేదంతా నీరే. దీనికి అక్కడివాళ్ళు పెట్టుకున్న పేరు ‘టెక్సస్ చికెన్’. చికెన్ అంటే ఇక్కడ కోడి కాదు, పిరికివాడు. ఎవరు ముందు జంకుతారో చూసే ఆట పేరది. మొదటిసారి ఓడ నడిపే గదిలో నిలబడి దాన్ని చూసినప్పుడు నా చేతిలోని కాఫీ చల్లారిపోయింది. పైలట్ మాత్రం తన కాఫీ తాగుతూనే ఉన్నాడు.

అలాంటి నేర్పు కూడా ఒక్కోసారి చాలదు. 2015 మార్చి 9న పొగమంచులో మోర్గన్స్ పాయింట్ దగ్గర కాంటి పెరిడాట్ అనే సరుకు ఓడ, కార్లా మేర్స్క్ అనే రసాయన ట్యాంకర్ ఢీకొన్నాయి. ట్యాంకర్‌లోని రసాయనం బేలోకి కారింది. నాలుగేళ్ళ తరువాత, 2019 మే 10న జెనిసిస్ రివర్ అనే గ్యాస్ ఓడ బేపోర్ట్ దగ్గర ఎదురు ఓడను క్షేమంగా దాటేసింది. దాటాక అదుపు తప్పి, అవతలి పక్కన టగ్ పడవ నెట్టుకొస్తున్న బార్జీలను గుద్దింది. విచారణలో తేలింది ఏమిటంటే, ఇరుకైన లోతు తక్కువ దారిలో అంత లావు ఓడ సముద్రంలో పోయే వేగంతో పోయింది. అది కాస్త కుదురుకోవడానికి వాడుకోవలసిన అదనపు బలం ఇంజినులో మిగల్లేదు.

ఈ రెండో ప్రమాదం జరిగిన చోటును పటంలో చూడమని మీ అబ్బాయికి చెప్పండి. అది బేపోర్ట్ శాఖ వచ్చి కలిసే చోటు. ఓడలు మలుపు తిరగడానికి వీలుగా అక్కడ గట్టును ఒకవైపు వెడల్పుగా చెక్కారు. ఓడ ఆ వెడల్పులోంచి మళ్ళీ ఇరుకులోకి వచ్చేటప్పుడు ఒక పక్క గట్టు మొదలవుతుంది, రెండో పక్క ముందునుంచే ఉంటుంది. రెండు పక్కల నెట్టుడులో తేడా వచ్చి ఓడ తల తిప్పుకుంటుంది. వెడల్పు పెంచితే చాలు, భద్రత దానంతట అదే వస్తుందనుకోవడం పొరపాటు. ఒక చోట వెడల్పు, మరో చోట ఇరుకు అని ముక్కలు ముక్కలుగా పెంచితే ప్రతి అతుకు దగ్గరా కొత్త ప్రమాదం పుడుతుంది. అందుకే మిసిసిపీలోని విక్స్‌బర్గ్‌లో, అమెరికాలో ఓడల దారుల బాధ్యత చూసే సైన్యపు ఇంజినీర్ల పరిశోధన కేంద్రంలో ఒక నమూనా గది ఉంది. హ్యూస్టన్ పైలట్లనే రప్పించి, తెరమీద కొత్త దారిలో కొత్త ఓడలను నడిపిస్తారు. గాలి మారుస్తారు, ప్రవాహం మారుస్తారు, ఓడలు మారుస్తారు. పుస్తకంలోని సూత్రం ప్రకారం 700 చాలకపోయినా, ఈ పైలట్లు ఈ దారిలో ఈ పద్ధతిలో నడపగలరని అక్కడ తేల్చుకుంటారు. మరో ఊరి రేవు వాళ్ళు ఆ అంకెను చూసి మాకూ ఏడు వందలు చాలుననుకుంటే మునుగుతారు.

లోతు విషయానికి వస్తే అందరూ చేసే లెక్క ఇలా ఉంటుంది: ఓడ 13 మీటర్లు మునుగుతుంది, దారి 14 మీటర్లుంది, మీటరు ఖాళీ, చాలు. చాలదు. ఓడ కదిలినప్పుడు కింద నీరు వేగంగా వెనక్కి జారుతుంది, ఆ వేగానికి ఓడ ఇంకా కిందికి కూరుకుంటుంది. ఇరుకు దారుల్లో దీన్ని లెక్కగట్టడానికి బారాస్ చెప్పిన చిన్న సూత్రం ఉంది: ఓడ ఆకారపు గుణకాన్ని వేగపు వర్గంతో గుణించి యాభైతో భాగించాలి. ట్యాంకరుకు గుణకం 0.83 అనుకోండి. పది నాట్ల (గంటకు సుమారు 18.5 కిలోమీటర్ల) వేగంలో 1.66 మీటర్లు కూరుకుంటుంది, ఆరు నాట్లలో 0.6 మీటరే. వేగం సగం కాకుండానే కుంగుడు దాదాపు మూడో వంతుకు పడిపోయింది. 49 మీటర్ల వెడల్పున్న ఓడ గాలికి రెండు డిగ్రీలు ఒరిగితే దాని ఒక అంచు 85 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. ఉప్పునీటిలోంచి నది నీటిలోకి వస్తే నీరు పలుచన కాబట్టి 13 మీటర్లు మునిగే ఓడ ఇంకో అడుగు మునుగుతుంది. ఇవన్నీ కలిపి చూస్తే ఆ మీటరు ఎప్పుడో అయిపోయింది.

విశాఖలోనైతే పోటు వచ్చేదాకా ఆగవచ్చు. అమావాస్య, పున్నమి రోజుల్లో ఆటుకూ పోటుకూ తేడా దాదాపు మీటరున్నర ఉంటుంది. బరువైన ఓడను పోటు మీద లోపలికి తెచ్చుకోవడం మన రేవుల్లో మామూలే. గాల్వెస్టన్ బేలో ఆ తేడా అడుగు, అడుగున్నర. అక్కడ నీటిమట్టాన్ని ఆడించేది చంద్రుడి కంటే గాలే. చలికాలంలో ఉత్తరపు గాలి గట్టిగా వీచిందంటే బేలోని నీటిని సముద్రంలోకి తోసేస్తుంది. నిన్న సరిపోయిన లోతు ఇవాళ రెండు మూడడుగులు తగ్గిపోయి ఉంటుంది.

అసలు లోతు అంటే ఎక్కడినుంచి ఎక్కడికి? ఇది వేదాంతం కాదు, కోట్ల రూపాయల ప్రశ్న. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో తూర్పు తీరంలో ఒక రేవులో మా పడవలో ఒకే యంత్రం రెండు రకాల ధ్వని తరంగాలతో లోతు కొలిచేది. కాగితం మీద రెండు గీతలు పడేవి. సన్నటి తరంగం పై గీత గీసేది, లావు తరంగం దానికి ముప్పావు మీటరు కింద మరో గీత గీసేది. మా పెద్దాయన సీసపు గుండు కట్టిన తాడు వదిలితే అది రెండింటి మధ్యలో ఎక్కడో ఆగేది. పై గీతకూ కింది గీతకూ నడుమ ఉన్నది మట్టీ కాదు, నీళ్ళూ కావు. గరిటెజారుగా కాచిన అంబలి లాంటి ఒండ్రు. తవ్వకం కాంట్రాక్టరు కింది గీత చూపించి ‘తవ్వేశాను, బిల్లు ఇవ్వండి’ అనేవాడు. రేవు అధికారి పై గీత చూపించి ‘ఇంకా తవ్వాలి’ అనేవాడు. మూడు నెలలు ఉత్తరాలు నడిచాయి. అలాంటి రేవుల్లో ఇప్పుడు ఒండ్రు సాంద్రతను కొలిచి, ఘనపు మీటరుకు 1,200 కిలోల దగ్గర అడుగు ఉన్నట్టు లెక్క వేసే పద్ధతి ఉంది. దాన్ని ఒప్పందంలో ముందే రాసుకోకపోతే ఆ తగాదా తెమలదు.

హ్యూస్టన్‌లో ఇంకో చిక్కు ఉంది. పాత కాగితాల్లో 45 అడుగులని ఉంటుంది, కొత్తవాటిలో 46.5. తవ్వలేదు, పెంచలేదు. లోతు కొలవడానికి మొదలుపెట్టే నీటిమట్టం నిర్వచనం మార్చారు, అంతే. పైగా ఆ ప్రాంతంలో భూమే కుంగింది. కర్మాగారాల కోసం భూగర్భజలం తోడగా తోడగా బేటౌన్‌లో బ్రౌన్‌వుడ్ అనే పేట తొమ్మిది పది అడుగులు దిగిపోయింది. 1983లో అలీసియా తుఫానుతో ఊరే ఖాళీ అయింది. కొలతరాయి తానే కిందికి దిగుతుంటే దాన్ని నమ్ముకుని కొలిచిన లోతు ఎలా నిజమవుతుంది? పాత సర్వేలు ముందేసుకుని ‘ముప్పై ఏళ్ళలో ఇంత పూడిక పడింది’ అని తీర్మానించే ముందు ఆ సర్వే ఏ మట్టం నుంచి కొలిచారో చూడాలి. చూడని రిపోర్టులు నేను చాలా చదివాను.

ఇప్పుడు మట్టి. దారిని 170 అడుగులు, అంటే 52 మీటర్లు పెంచాలి. అడుగు 14 మీటర్ల లోతున ఉంది. పాత దారికి రెండు పక్కలా బార్జీల కోసం 12 అడుగుల లోతు మెట్లు ఉండేవి. కొత్త వెడల్పు వాటిని మింగేస్తుంది, కాబట్టి తవ్వాల్సిన ఎత్తు సుమారు పదిన్నర మీటర్లు. కిలోమీటరుకు అయిదున్నర లక్షల ఘనపు మీటర్లు. మన టిప్పరు లారీల లెక్కన యాభై అయిదు వేల లారీలు, ఒక్క కిలోమీటరుకే. గట్ల వాలు ఇందులో కలపలేదు. మింగేసిన బార్జీ మెట్లను అవతల మళ్ళీ తవ్వాలి, అదీ కలపలేదు. బేలో తవ్వేది ఇరవై కిలోమీటర్లకు పైమాటే.

అక్కడి అడుగు మట్టి రెండు రకాలు. పైన ఒండ్రు, కింద బోమాంట్ బంకమట్టి. ఆ బంక ఎంత గట్టిదంటే, కట్టర్ డ్రెడ్జరు దాన్ని కోసి గొట్టంలోకి పీల్చాక కిలోమీటర్ల దూరం నీటితో దొర్లుకుంటూ వచ్చి, అవతలి కొసన గుండ్రటి బంతులుగా పడుతుంది. కొన్ని కొబ్బరికాయంత, కొన్ని గుమ్మడికాయంత. గొట్టం మూతి దగ్గర నిలబడితే లోపల అవి ఇనుముకు కొట్టుకుంటూ వచ్చే చప్పుడు గుడ్డివాడు కూడా పోల్చుకోగలడు. గొట్టం ఆగకుండా దడదడలాడిందంటే కరకట్టకు పనికొచ్చే మట్టి. చప్పుడు మెత్తబడిందంటే ఒండ్రు వస్తోందని అర్థం, దాన్ని కరకట్టల లోపలి మడుగులోకి మళ్ళించాలి. మడుగు కొసన మన చెరువు తూము లాంటి ఏర్పాటే ఉంటుంది. ఒండ్రు పేరుకున్న కొద్దీ పలకలు ఒక్కొక్కటే ఎక్కిస్తారు, తేరిన నీరు మాత్రం పైనుంచి దొర్లిపోతుంది. నీటితో కలిసి వచ్చిన ఒండ్రు తవ్వకముందు ఉన్నదానికంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఎండి కుదించుకోవడానికి ఏళ్ళు పడుతుంది. పైన బీటలు వారి గట్టిగా కనిపించినా కింద పెరుగులాంటి బురదే. దాని మీదికి నమ్మకంగా నడిచి నడుముదాకా దిగిపోయిన ఇంజినీరును నాకు తెలుసు. పేరు అడగకండి, ఆ రోజు నా బూట్లు అక్కడే ఉండిపోయాయి.

ఈ మట్టికి చోటు ఒక్కసారి చూపిస్తే చాలదు. దారి తవ్విన మరునాటి నుంచే మళ్ళీ పూడుతుంది. వెడల్పు చేస్తే పూడికకు గుంట ఇంకా పెద్దది. అందుకే అమెరికాలో కనీసం ఇరవై ఏళ్ళ పూడికకు చోటు చూపించాలన్న నియమం ఉంది, లాభనష్టాలు యాభై ఏళ్ళకు లెక్కగట్టాలి. ఎగువన కర్మాగారాల మధ్య ఉన్న పాత మట్టి దిబ్బల కరకట్టలను ఇప్పటికే ఎత్తు మీద ఎత్తు పెంచుకుంటూ పోతున్నారు. వాటి పక్కనే గలీనా పార్క్, ప్లెజంట్‌విల్ లాంటి పేదల పేటలున్నాయి. దశాబ్దాల రసాయనాలు కలిసిన మట్టిని మా ఇళ్ళ పక్కన పోస్తారా, ముందు పరీక్షలు చేసి చూపించండి అని అక్కడివాళ్ళు అడిగారు. అడగవలసిన మాటే. ఆ మట్టిలో ఏముందో నమూనాలు తీసి, పరీక్షించి, ఏది ఎక్కడికి పోవాలో తేల్చడానికి పట్టే కాలాన్ని ‘జాప్యం’ అని పత్రికలు రాస్తుంటే నాకు చిరాకు వస్తుంది.

శుభ్రమైన మట్టి సంగతి వేరు. 1990 నుంచి రేవు సంస్థ, సైన్యపు ఇంజినీర్లు, పర్యావరణ శాఖలు ఒక బృందంగా కూర్చుని బే మట్టిని బేలోనే వాడే ఉపాయాలు చూస్తున్నాయి. కిందటి విస్తరణలో తవ్విన మట్టితో ఈవియా అనే చిన్న దీవి కట్టారు. ఇప్పుడు అక్కడ కొంగలు, గూడబాతులు గూళ్ళు పెడుతున్నాయి. అట్కిన్సన్ దీవిని ఆనుకుని చిత్తడి నేలలు పెంచారు. ఈ విడతలోనూ దీవులు, చిత్తడి మడులు ఉన్నాయి. బంక బంతులతో చుట్టూ కట్ట, లోపల ఒండ్రు, పైన గడ్డి నాటడం. మన పొలంగట్టు వేసే పనే, కాకపోతే నీళ్ళలో. కొత్త వెడల్పు కింద పోయే ఆల్చిప్పల దిబ్బలకు బదులు వేరే చోట రాళ్ళు పోసి కొత్త దిబ్బలు కట్టాలి. దారి లోతైన కొద్దీ సముద్రపు ఉప్పునీరు అడుగునుంచి బే లోపలికి పాకుతుంది. ఉప్పు పెరిగితే ఆల్చిప్పలను తినే నత్తలు, వాటికి వచ్చే తెగులు పెరుగుతాయి. కాబట్టి ఉప్పు ఎంత పెరుగుతుందో కంప్యూటర్ నమూనాలో చూడకుండా లోతు అంకె రాయకూడదు.

మన విశాఖ కథలో ఉన్నదీ ఇదే. తూర్పు తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. రేవు కోసం కట్టిన గోడలు, తవ్విన లోతు దాన్ని ఆపేశాయి. గోడకు దక్షిణాన ఇసుక పేరుకుంటుంది, ఉత్తరాన ఆర్కే బీచ్ కోసుకుపోతుంది. అందుకే పేరుకున్న ఇసుకను డ్రెడ్జరుతో తీసి గొట్టాలతో బీచ్ మీదికి పోస్తుంటారు. అక్కడ మట్టి చెత్త కాదు, నగరానికి రావలసిన బాకీ. విశాఖ లోపలి రేవులోకి ఇంకా పెద్ద ఓడ రావాలంటే డాల్ఫిన్ నోస్ కొండ పక్కన ఇరుకు, అడుగున రాయి ఎంత ఉందన్నది, నౌకాదళపు రాకపోకలు, ఇసుక లెక్క అన్నీ ఒకేసారి చూడాలి. హ్యూస్టన్‌లో బంక, ఇక్కడ రాయి. తవ్వే యంత్రం మారుతుంది, ఖర్చు మారుతుంది, కానీ ముందు అడగవలసిన ప్రశ్న మారదు.

డబ్బు సంగతి రెండు మాటల్లో. అమెరికాలో ఇలాంటి పనికి కేంద్రం కొంత, స్థానిక రేవు సంస్థ కొంత పెట్టాలి. లోతు పెరిగిన కొద్దీ స్థానిక వాటా పెరుగుతుంది. ప్రాజెక్ట్ 11 నివేదిక మీద 2020 ఏప్రిల్‌లో సంతకమైంది, అదే డిసెంబరులో కాంగ్రెసు అనుమతి వచ్చింది, 2022లో తవ్వకం మొదలైంది. కేంద్రం నిధుల కోసం ఏటా ఎదురుచూడకుండా బే భాగాన్ని రేవు సంస్థే ముందుగా చేపట్టింది. తవ్వుతున్నంతకాలం ఓడలు ఆగలేదు. ఓడ వచ్చినప్పుడల్లా డ్రెడ్జరు గొట్టం విప్పి పక్కకు తప్పుకుని, పోయాక మళ్ళీ బిగించుకోవాలి. రద్దీ రహదారి మధ్యలో రోడ్డు వేయడం చూశారు కదా, అలాంటిదే.

మీ అబ్బాయి రిపోర్టుకు చివరగా ఒక సూచన. దారి పటం ముందేసుకుని, దాని కింద ఏమేం పోతున్నాయో గీయమనండి. చమురు గొట్టాలు లెక్కలేనన్ని. 1953లో బేటౌన్, లా పోర్ట్ మధ్య నీటి కింద కార్ల కోసం సొరంగం వేశారు. 1995లో ఫ్రెడ్ హార్ట్‌మన్ వంతెన వచ్చాక, దారి లోతు పెంచడానికి అడ్డమని ఆ సొరంగాన్నే పెకలించి తీసేశారు. ఎగువన గలీనా పార్క్, పసడీనా మధ్య 1950 నాటి వాష్‌బర్న్ సొరంగం ఇంకా ఉంది, ఈ రోజుకీ కార్లు అందులోంచి పోతున్నాయి. పన్నెండో విడత అంటూ వచ్చి ఎవరైనా అక్కడ మరో అయిదడుగుల లోతు అడిగితే, ఆ సొరంగం పైకప్పు మీద ఎంత మట్టి మిగులుతుందో ముందు వాళ్ళనే కొలిచి చెప్పమనాలి.